దసరా నాడు బోడైన మా కాగితపు చెట్టు

ఆ రోజుల్లో నాకు నోరు తెరుచుకుని నిలబడటం తప్ప వేరే పనేదీ సరిగ్గా వచ్చేది కాదు. (ఇప్పుడు వస్తుందా అని మాత్రం అడగకండి.) నాందేడ్ నాకు కొత్త. దుకాణం అద్దాల తలుపు తనంతట తానే తెరుచుకుంటే నేనూ నోరు తెరిచేదాన్ని. హోటల్లో అడక్కుండానే రెండోసారి చట్నీ వేస్తే తెరిచేదాన్ని. మరాఠీలో తంటాలు పడి అడ్రసు అడిగితే ఆటో నడిపే ఆయన "ఏ గల్లీ బిడ్డా?" అని చక్కటి తెలుగులో అడిగినప్పుడు కూడా తెరిచేదాన్ని. నేనుండేది మా మేనత్త ఇంట్లో. ఆవిడ నా గడ్డం కింద వేలుపెట్టి పైకి నెట్టి, "నోరు మూయే పిల్లా, ఈగలు సొస్తయ్" అని తన పని తాను చూసుకునేది. అలా రోజుకు నాలుగైదుసార్లు ఆవిడ మూసిపెట్టే నా నోరు ఒక దసరా నాడు తెరుచుకుని ఎంతకీ మూతపడలేదు. ఆ రోజు సంగతే ఇది.

మాది కర్ఖేలి, మహారాష్ట్రలోనే ఉన్నా తెలుగు మాట్లాడే పల్లె. బాపు పరుల చేలల్లో పనిచేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. అమ్మ దగ్గర అరచేతిలో ఇమిడే రేకు ముక్క ఒకటి ఉండేది. తునికాకు మీద ఆ రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పితే కొలతకు సరిగ్గా ఆకు ముక్క తెగేది. ఆ కత్తెర చప్పుడు వింటూనే నేను పెరిగాను, పదేళ్ళు వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఆకు కత్తిరించేదాన్ని. చదువు పన్నెండో తరగతి దగ్గర ఆగింది. (నేనే ఆపాను, చదువు తప్పేమీ లేదు.) ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తుంటే, ఎవరో కాగితాలు కత్తిరించి రంగులేసి ఇళ్ళల్లో పెట్టుకునే మొక్కలు తయారుచేస్తున్న వీడియో కనబడింది. ఎండ అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు, చూస్తే అచ్చం నిజం మొక్కే. అది చూసి నాకు ఒళ్ళు జల్లుమంది. ఇంతకాలం నేను నేర్చిన కత్తెర పని బీడీకి కాదు, దీనికే అనిపించింది. రెండు నెలలు బాపును సతాయించి నాందేడ్‌లో అత్త ఇంటికి వచ్చేశాను.

నాందేడ్‌లో పెళ్ళి మండపాలకూ ఇళ్ళకూ అలంకరణ సామాను అమ్మే దుకాణం ఒకటి నన్ను పనిలో పెట్టుకుంది. పెట్టుకుంది అనడం కూడా పెద్ద మాటే. తోరణాలు గుచ్చడానికి రమ్మన్నారు, వెళ్తున్నాను. ఆ దుకాణం సేఠ్‌కి అత్తా నేనూ 'బఘూ సేఠ్' అని పేరు పెట్టుకున్నాం. ఏదడిగినా మరాఠీలో "బఘూ" అనేవాడు. చూద్దాం అని. జీతం పెంచమంటే బఘూ, సెలవిమ్మంటే బఘూ, సేఠ్‌జీ మీ చొక్కాకి సున్నం అంటిందంటే కూడా బఘూ. ఊళ్ళో ఒక డాక్టరమ్మ కొత్త ఇంటి హాల్లోకి మనిషి నడుమెత్తు కాగితపు మొక్క కావాలని ఆయన్ని అడిగిందట. నేను చేస్తానన్నాను. రెండడుగుల దూరం నుంచి చూసినవాళ్ళు అది కాగితమని కనిపెట్టకూడదు, అట్లా చేస్తే నిన్ను నెల జీతం మీద చేతిపని చేసే కారీగర్‌గా పెట్టుకుంటాను, లేకపోతే తోరణాలే గుచ్చుకో అన్నాడు సేఠ్. దసరా మర్నాడు పొద్దున తనే టెంపో తీసుకుని మా ఇంటికొచ్చి చూస్తానన్నాడు.

ఆ ముక్క బాపుకి ఫోన్లో చెప్పాను. ఆయనకు ఈ కాగితాల వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు. నిక్షేపం లాంటి చెట్లు గట్ల నిండా ఉండగా కాగితంతో చెట్టు చేయడమేమిటో, దాన్ని ఒకరు కొనుక్కోవడమేమిటో ఆయనకు అర్థమయ్యేది కాదు. "ఇగ సూడు బిడ్డా, దసరా దాంక సూస్త. దసరా నాడు నేనే అస్త. సేఠ్ నీ పని మంచిగున్నదంటే ఉండు. లేకుంటే నా ఎంబడి నడువు. నాయ్‌గావ్‌ల బట్టల దుకాణంల చీరలు మడతవెట్టే కొలువు మాట్లాడిన" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రలో కూడా చీరలే కనబడ్డాయి, మడతపెట్టిన కొద్దీ విప్పుకుంటున్నాయి.

మొదట వీడియోల్లో చూసిన మొక్కలే చేశాను. పెద్ద పెద్ద ఆకులు, మధ్యలో కిటికీల్లాంటి చిల్లులు ఉంటాయే, అది ఒకటి చేస్తే అత్త చుట్టూ తిరిగి చూసి, "గిదేందే, ఎలుకలు కొరికిన గొడుగా?" అంది. కత్తుల్లా నిటారుగా నిలబడే ఆకుల మొక్క చేస్తే, "గివి కొడవండ్లా?" అంది. మనీప్లాంటు చేస్తే పక్కింటావిడ వచ్చి, ఇది ఏం బచ్చలి, పప్పులో వేస్తారా అని అడిగింది. మూడూ వరసగా బీరువా మీదికెక్కాయి. తప్పు చేతిది కాదు. ఆ మొక్కల్ని నేనెన్నడూ ముట్టుకోలేదు. ఆకు వెనకవైపు ఎట్లా ఉంటుందో, ఎండితే అంచు ఎటు ముడుచుకుంటుందో, పురుగు ఎక్కడ కొరుకుతుందో నాకు తెలియదు. తెలియని మొక్క కాగితంలోంచి రాలేదు.

ఎడ్లను పూజించే పోళా పండక్కి ఊరికెళ్ళినప్పుడు చేను గట్టు మీద ఆరె చెట్టు కనబడింది. మీ వైపు జమ్మి ఆకును దసరా నాడు బంగారమని ఎట్లా ఇచ్చిపుచ్చుకుంటారో, నాందేడ్ వైపు ఈ ఆరె ఆకును అట్లా ఇచ్చుకుంటారు. మరాఠీలో ఆపటా అంటారు. రెండు రెక్కలు, మధ్యలో మడత, చూడటానికి తెరిచిన చిన్న పుస్తకంలా ఉంటుంది. దసరా సాయంత్రం ప్రతి ఇంటికీ జనం వచ్చి ఈ ఆకు చేతిలో పెట్టి "సోనం ఘ్యా, సోన్యాసార్ఖం రహా" అంటారు. బంగారం తీసుకోండి, బంగారంలా ఉండండి అని. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కుతారు. వాళ్ళు ఇచ్చిన దానికి బదులుగా మనమూ ఒక ఆకు ఇవ్వాలి. వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపకూడదు. ఊళ్ళల్లో అయితే చెట్టు మీద పడి దూసుకుంటారు, దాన్ని బంగారం లూటీ చేయడమనే అంటారు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఆకు. దీన్నే చేస్తాను అనుకుని ఒక కొమ్మ విరుచుకుని రైలెక్కాను. సేఠ్‌కి చెబితే, హాల్లో ఆపటా మొక్క ఎవరు పెట్టుకుంటారని ముఖం చిట్లించి "బఘూ" అన్నాడు.

అమ్మ పాత నూనె డబ్బా రేకును ఆరె ఆకు ఆకారంలో కత్తిరించి ఇచ్చింది. నెల రోజులు నాకు వేరే లోకం లేదు. రెండు కాగితాలు మధ్యలో సన్న తీగ పెట్టి బంకతో అతికించడం, రేకు పెట్టి కత్తిరించడం, అయిపోయిన పెన్ను రీఫిలుతో ఈనెలు నొక్కడం, ముందు వైపు ముదురు పచ్చ, వెనక వైపు లేత బూడిద పచ్చ, అంచులకు టీ డికాక్షన్. నున్నగా మెరవడానికి కొవ్వొత్తి రుద్దడం. పురుగు కొరికిన చిల్లులకు మాత్రం అగరుబత్తి వెలిగించి చుర్రుమనిపించేదాన్ని. (ఇల్లంతా గుడి వాసన. అత్త రెండుసార్లు అనుకోకుండా దండం పెట్టుకుంది.) మూడు వందల పైచిలుకు ఆకులు. ఒకరోజు కొమ్మకు ఆకులు చుడుతుంటే బాపు ఫోన్ చేశాడు. ఏం చేస్తున్నావంటే ఆరె చెట్టు చేస్తున్నానని చెప్పాను. "దసరాకేనా?" అన్నాడు. "దసరా లోపల అయిపోతది బాపూ, మూడు వందల ఆకులు" అన్నాను. "అబ్బో! వాడకట్టంతకు సరిపోతయ్ గద!" అన్నాడు. నా పళ్ళ మధ్య తీగ ముక్క ఉంది, మాట్లాడటానికి లేదు. అందుకని "ఊఁ" అన్నాను. ఆ ఊఁ ఎంత పని చేసిందో ముందుముందు మీకే తెలుస్తుంది.

దసరా ముందు రోజు రాత్రికి చెట్టు పూర్తయింది. మట్టి కుండీలో నడుమెత్తున నిలబడి, ఫ్యాను గాలికి ఆకులు కదిలాయి. అత్త రెండడుగులు వెనక్కి వేసి చూసింది, ముందుకొచ్చి చూసింది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఈసారి నోరు తెరిచింది ఆవిడ. నేనే వెళ్ళి గడ్డం కింద వేలుపెట్టి మూశాను. ఆ ఒక్క రాత్రి నాకు చీరల కల రాలేదు.

దసరా నాడు దుకాణంలో ఊపిరాడదు. పొద్దున వెళ్ళిన దాన్ని బంతిపూల తోరణాల మధ్య నుంచి బయటపడేసరికి దీపాలు పెట్టే వేళయింది. అత్త నిజం ఆరె ఆకుల కట్ట సంచిలో వేసుకుని మధ్యాహ్నమే గుడికి వెళ్ళిపోయింది. బాపు రైలు దిగి వస్తాడని తాళంచెవి కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ముసలమ్మకి (ఆజీ అంటాం, అవ్వ అని) ఇచ్చి వెళ్ళాం. నేను గల్లీ మలుపు తిరిగేసరికి అత్త కూడా గుడి నుంచి వస్తూ కలిసింది. ఇద్దరం కలిసే తలుపు తోశాం.

కుండీ ఉంది, కొమ్మలున్నాయి, ఆకుల్లేవు.

ఒక్కటంటే ఒక్కటి లేదు. నా నెల రోజుల చెట్టు గోధుమ రంగు తీగలతో, ఈకలు పీకిన కోడిలా నిలబడి ఉంది. పక్కనే గోడకు బాపు సంచి ఆనించి ఉంది, బాపు లేడు. స్టూలు మీద స్టీలు పళ్ళెంలో నిజం ఆరె ఆకులు కుప్పగా పోసి ఉన్నాయి. నేను ఆ కుప్పను చూశాను, చెట్టును చూశాను, మళ్ళీ కుప్పను చూశాను.

"అన్న అచ్చినట్టున్నడు," అంది అత్త నెమ్మదిగా. "తలుపు తీసి పెట్టి చాయ్ తాగనీకి పోయినట్టున్నడు. జనం అచ్చిండ్రు, చెట్టు సూసిండ్రు, లూటీ చేసిండ్రే పిల్లా! ఆరె చెట్టంటే దసరా నాడు ఎవలాగుతరు?"

వాళ్ళు తెచ్చిన నిజం బంగారం పళ్ళెంలో పోసి, నా కాగితం బంగారం దూసుకుపోయారన్నమాట. కిటికీలోంచి కిందికి చూస్తే వాకిట్లో ఆజీ ఒక ఆకును రెండు కళ్ళకూ అద్దుకుంటోంది. ఎడమ రెక్క మీద అగరుబత్తి చిల్లు. అది నాదే. నేను కేక పెట్టబోతే అత్త నా నోరు చేత్తో గట్టిగా మూసేసింది. "లొల్లి చెయ్యకు! కాయిదం బంగారం కండ్లకద్దుకున్నరని తెలిస్తే ఊకుంటరా? పండుగ పూట వాడకట్టంతా మనల్ని ఎన్నెన్ని మాటలంటరో! ఎవ్వలకు తెల్వకముందే ఎట్లన్న చేసి మళ్ళ తే." ఎట్లా తేవడం? దసరా నాడు ఇచ్చిన బంగారం వెనక్కి అడగడమంటే అంతకన్న అశుభం లేదు. తెల్లారితే సేఠ్ టెంపో. ఆ టెంపో వెళ్ళిపోతే బాపు వెంట నేను రైలెక్కడం, చీరలు మడతపెట్టడం.

అప్పుడు తట్టింది. అడగకూడదు, కాని ఇచ్చిపుచ్చుకోవచ్చు! నేను ఒక నిజం ఆకిచ్చి కాళ్ళు మొక్కితే వాళ్ళూ ఒక ఆకివ్వాలి కదా. ఆ ఇచ్చేదేదో నాదే ఇస్తే పనైపోతుంది. పళ్ళెంలో కుప్పంతా కొంగులో పోసుకుని మెట్లు దిగాను. (ఇంత తెలివి పరీక్షల్లో వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.)

మొదట ఆజీ. ఆకిచ్చి కాళ్ళు మొక్కాను. ఆవిడ దీవించి పళ్ళెంలోంచి ఒక నిజం ఆకు తీసి ఇచ్చింది. నాది మాత్రం ఆవిడ ఎడమ పిడికిట్లో అట్లాగే ఉంది. మళ్ళీ ఒక ఆకిచ్చి మళ్ళీ మొక్కాను. మళ్ళీ నిజమైనదే వచ్చింది. మూడోసారి వంగేసరికి ఆవిడ నా భుజం పట్టుకుని, "అగ, కితీ వేళా పాయా పడ్తేస్?" అంది. ఎన్నిసార్లు మొక్కుతావే అని. నేను తలెత్తకుండానే, ఇవాళ మీ మీద భక్తి ఎక్కువగా ఉంది ఆజీ అని ఏదో గొణిగాను. ఆవిడ మూతి బిగించి నా కళ్ళలోకి చూసి, పిడికిలి ఇంకా గట్టిగా మూసుకుని, లోపలికి వెళ్ళి ఆ ఆకును దేవుడి పెట్టెలో పెట్టి మూత వేసేసింది. దేవుడి పెట్టెలోంచి ఎట్లా ఇచ్చిపుచ్చుకోవడం?

ఎదురింట్లో రిటైరైన హెడ్మాస్టరు సారు ఉండేవాడు. ధర్మాబాద్ వైపు మనిషి, తెలుగాయన. ఆయన మా గల్లీలో ఎవరితోనూ నవ్వగా నేను చూడలేదు. కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, నా ఆకును దీపానికి పట్టి చూస్తున్నాడు. మొక్కి లేచాను.

"గిదేందమ్మా, గీ చిల్లు?" అన్నాడు ఆకు నా ముందు పెట్టి.

"పురుగు, సార్. పురుగు తిన్నది."

"రెండు దిక్కుల ఒక్క తీరుగ తిన్నది. గుండ్రంగ."

"అవును సార్."

"బగ్గ తెలివిగల్ల పురుగు," అన్నాడాయన. ఆకును చొక్కా జేబులో పెట్టుకుని నాకు నిజమైనదొకటి ఇచ్చాడు. నేను ఆయన కాళ్ళకు మొక్కానో కుర్చీ కాళ్ళకు మొక్కానో కూడా తెలియకుండా బయటపడ్డాను.

మూడో ఇల్లు నల్లా అక్కది. ఆవిడ అసలు పేరు నాకు తెలియదు. పొద్దున నల్లా నీళ్ళ దగ్గర ఆరు నెలలుగా నాతో యుద్ధం చేస్తున్న మనిషి. నా బిందెను ఆవిడ రెండుసార్లు తన్నింది, ఆవిడ బిందెను నేను ఒక్కసారి. (ఒక్కసారే. గట్టిగా.) ఆవిడ గుమ్మం మీద నా ఆకులు నాలుగు తోరణంలా గుచ్చి ఉన్నాయి. వాటిని చూడగానే వెనకాముందూ ఆలోచించకుండా ఆవిడ కాళ్ళ మీద పడిపోయాను. ఆవిడ ఉలిక్కిపడి ఒక్క అడుగు వెనక్కి గెంతింది, నేను కాటేస్తాననుకుందేమో. ఆపైన ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను లేపి వాటేసుకుని, "ఎంత మంచిదానివే! నేనే మొండిదాన్ని. రేపటి సంది నీ బిందె ముందుగాల్ల వెట్టు" అంది. నేను ఆవిడ భుజం మీది నుంచి తోరణం వంకే చూస్తున్నాను. ఆవిడ లోపలికి తీసుకెళ్ళి కజ్జికాయల్లాంటి కరిజలు పెట్టింది, నిజం ఆకు ఒకటి ఇచ్చింది. గుమ్మం మీది నాలుగింటిలో ఒక్కటి ఇమ్మని ఎంతో దీనంగా చూశాను. "గవి ఇయ్య! గవి నాయి" అని ఖచ్చితంగా చెప్పేసింది.

అట్లా నలభై ఇళ్ళు. పెద్దవాళ్ళకు మొక్కాను, నా ఈడువాళ్ళకు మొక్కాను, హడావిడిలో నాకన్న చిన్నపిల్లకు ఒకదానికి కూడా మొక్కేశాను, అది హడలిపోయి ఏడ్చింది. నడుము విరిగిపోయింది. ఇన్ని దీవెనలు ఒక్క సాయంత్రం ఎవరికీ వచ్చి ఉండవు. పళ్ళేల్లో నిజం ఆకుల మధ్య కలిసిపోయి, చూసుకోకుండా ఇచ్చినవి మాత్రం దొరికాయి. నలభై ఇళ్ళు తిరిగితే దొరికినవి పదకొండు. మూడు వందల పైచిలుకులో పదకొండు! గల్లీ చివరి చౌక్ దగ్గరికొచ్చి, ఆ పదకొండూ గుప్పిట్లో పట్టుకుని, ఇక ఏడవడమే మిగిలిందనుకుంటూ తలెత్తాను.

చౌక్‌లో చాయ్ దుకాణం ముందు పది పదిహేను మంది మగవాళ్ళు గుమికూడి ఉన్నారు. మధ్యలో మా బాపు. భుజం మీది తువ్వాలు జోలెలా కట్టి, అందులోంచి ఒక్కొక్క ఆకు తీసి ఒక్కొక్కరి చేతిలో పెడుతున్నాడు. పెడుతూ ఏమంటున్నాడో నా చెవులతో నేను విన్నాను.

"మంచిగ సూడుండ్రి. కాయిదం! నా బిడ్డ చేసింది. సోనం ఘ్యా."

నా నోరు తెరుచుకుంది.

"కాయిదమా? హే, నిజం!" అంటున్నాడొకాయన. ఇంకొకాయన ఆకును తిరగేసి ముక్కుకు పెట్టుకుని వాసన చూస్తున్నాడు. మరాఠీ ఆయన ఒకరు పక్కవాడికి "కాగదాచ ఆహే, కాగదాచ!" అని పిలిచి చూపిస్తున్నాడు. అక్కడున్నవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో నేను అప్పుడే కాళ్ళు మొక్కి వచ్చాను. అంటే గల్లీ మొత్తానికి తెలుసు. మొదటి ఆకు నుంచీ తెలుసు. ఆజీకి తెలుసు, తెలిసే కళ్ళకద్దుకుంది. సారుకు తెలుసు, తెలిసే పురుగును మెచ్చుకున్నాడు. నల్లా అక్కకు తెలుసు. తెలియంది నాకొక్కదానికే. నేను ఇంటింటికీ దొంగలా తిరిగి, భక్తి నటించి, నడుము విరగ్గొట్టుకుంటే వాళ్ళంతా మూతులు బిగించి నవ్వాపుకున్నారన్నమాట. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

బాపు నన్ను చూశాడు. ఎన్నడూ లేని వెలుగు ఆయన ముఖంలో. "బిడ్డా! అచ్చినవా? నేను అచ్చే వరకు ఇంట్ల ఎవ్వరు లేరు. జనం అచ్చి బంగారం ఇయ్యవట్టిరి, నా చేతుల ఏం లేదాయె. ఉత్త చేతుల ఎట్ల పంపాలె? గప్పుడు నువ్ ఫోన్ల చెప్పిన చెట్టు కనవడ్డది. కత్తెరతోని మెల్లగ కత్తిరించిన, కొమ్మకు దెబ్బ తాకకుంట. ఇంటికచ్చినోళ్ళకు ఇచ్చిన, గల్లీల ఇచ్చిన, చౌక్‌ల ఇచ్చిన. అందరు అడుగుడే, ఎవల బిడ్డ, ఎవల బిడ్డ అని!" ఆయన చెప్పుకుంటూ పోతున్నాడు. ఆరె ఆకులు మూడు వందలు ఒక మనిషి చేస్తే దసరాకు పంచడానికి కాక ఇంకెందుకు చేస్తుంది? ఆయన ఆలోచనలో ఆకు ఉన్నదే ఇవ్వడానికి. నేనే కదా "ఊఁ" అన్నది.

జోలె దులిపి చూపించాడు, ఖాళీ. ఆ తర్వాత చొక్కా పై జేబులోంచి జాగ్రత్తగా ఒక ఆకు తీశాడు. అన్నిటికన్న బాగా కుదిరింది, పై కొమ్మన నేను ముచ్చటపడి పెట్టుకున్నది. "గిది నీకని దాచిన. సోనం ఘే బిడ్డా" అని చేయి చాపాడు.

అప్పుడు నేను చేయవలసింది ఏమిటో పసిపిల్లకు కూడా తెలుసు. నేను చేసిందేమిటంటే, ఆ ఆకు ఆయన చేతిలోంచి లాక్కుని, గుప్పిట్లో మిగతావాటితో కలిపి, "పన్నెండు!" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. బాపు చాపిన చేయి అట్లాగే ఉంది. ఇంతలో వెనక నుంచి అత్త రొప్పుతూ వచ్చింది. "అన్నా, ఎంత పని చేసినవే! గది సేఠ్‌కు ఇచ్చే చెట్టు! పొద్దుగాల టెంపో అస్తది!" బాపు నా వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. ఆయన నోరు తెరుచుకుంది. నా నోరెక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది. "సేఠ్‌ది బీరువా మీద ఉన్నవి గాదా?" అన్నాడు చిన్న గొంతుతో. "గవి సూసి పరేషాన్ అయిన బిడ్డా. గిసొంటి చెట్లు సేఠ్ ఎట్ల ఒప్పుకుంటడు, ఇగ నువ్ నా ఎంబడి రావాలెనేమో అనుకున్న. గీ ఆరె చెట్టు సూసినంక పానం నిమ్మళమైంది. సేఠ్ ఏమన్న అననియ్యి, నిన్ను ఈడ్నే ఉండనియ్యాలె అనుకున్న." నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి నన్ను అక్కడే ఉంచాలని నిశ్చయించుకుని, ఆ సంతోషంలో నా కొలువును ఆకు ఆకుగా పంచిపెట్టేశాడు. ఆ రాత్రి పండగ వంట ముందు పెట్టుకునే ఆ పన్నెండు ఆకులూ కొమ్మలకు చుట్టాను.

పొద్దున పదింటికి సేఠ్ వచ్చాడు. బోడి కొమ్మలు, వాటికి పన్నెండు ఆకులు. నాకు ముందుకెళ్ళి చెప్పే ధైర్యం లేదు. ఏ సేఠ్ ముందూ తల ఎత్తి మాట్లాడి ఎరగని బాపు తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని ముందుకెళ్ళాడు. "సేఠ్‌జీ, ఝాడ్ హై. పత్తే ఫిర్ ఆతే. ఆఠ్ దిన్ రుకో." చెట్టన్నాక ఆకులు మళ్ళీ వస్తాయి, ఎనిమిది రోజులాగండి అని. అంత మామూలుగా, చేను సంగతి చెప్పినట్టు చెప్పాడు. సేఠ్ బాపును చూశాడు, ఒక కాగితం ఆకును వేళ్ళతో తడిమి చూశాడు, గుమ్మంలో గుమికూడిన గల్లీని చూశాడు. వాళ్ళలో కొందరి చొక్కా జేబుల్లో నా ఆకులు కనబడుతూనే ఉన్నాయి. హెడ్మాస్టరు సారు తన జేబులోది తీసి, ఇది కాగితమో కాదో చెప్పండి చూద్దాం అని సేఠ్ చేతిలో పెట్టి, ఆయన చూశాక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వడం మాత్రం లేదు! అంతా చూసి సేఠ్ అన్న మాట మీరు ఊహించే ఉంటారు.

"బఘూ."

బాపు ఎనిమిది రోజులు నాందేడ్‌లోనే ఉండిపోయాడు. అమ్మ రేకును ఆడవాళ్ళ పనిముట్టు అని జన్మలో ముట్టనివాడు, గోడకానుకుని కూర్చుని ఆకులు కత్తిరించాడు. మొదటి రోజు అంచులన్నీ వంకర పోయాయి. మూడో రోజుకు నేను ఈనెలు నొక్కేదాని కన్నా వేగంగా కత్తిరించాడు. నల్లా అక్క రెండు పూటలు వచ్చి రంగులేసింది. తొమ్మిదో రోజు చెట్టు టెంపో ఎక్కింది, నేను కారీగర్‌నయ్యాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాకు సొంతంగా చిన్న కార్ఖానా ఉంది, నలుగురు ఆడవాళ్ళం కలిసి చేస్తాం. ఆజీ దేవుడి పెట్టెలో ఆకు ఇంకా అట్లాగే ఉంది, రంగు కాస్త వెలిసింది. కాని బాపు నాకిచ్చిన బంగారం మాత్రం నా దగ్గర లేదు. సంఖ్య సరిపోవాలన్న తొందరలో ఆ పన్నెండో ఆకును కూడా చెట్టుకే చుట్టేశాను, అది డాక్టరమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. ఏ కొమ్మకు పెట్టానో కూడా గుర్తులేదు. ఆ ఇంటి మీదుగా వెళ్ళినప్పుడల్లా కిటికీలోకి తొంగి చూస్తాను. మూడు వందల ఆకుల్లో మా బాపు నా కోసం జేబులో దాచినది ఏదో చేసిన నాకే తెలియదు. ఆ సాయంత్రం నలభై ఇళ్ళల్లో కాళ్ళు మొక్కాను, కుర్చీకి కూడా మొక్కాను. మొక్కనిది ఒక్క మనిషికే.

బాపు ఇప్పటికీ ప్రతి దసరాకూ రైలు దిగి వస్తాడు. ఆయన చెప్పులు విడవకముందే నేను ఆకు పట్టుకుని ఎదురెళ్ళి వంగుతాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, చొక్కా జేబు మీద చేయి పెట్టుకుని, "ఆగు బిడ్డా, ముందుగాల్ల లెక్కవెట్టుకో" అంటాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వుతూనే ఆ పాదాల దగ్గర, నలభై ఇళ్ళల్లో ఎక్కడా ఉండనంత సేపు, వంగి ఉండిపోతాను.